గాలికి దారి, కరెంటుకు కొలత

సర్వర్ ర్యాకుల లోకంలో ఎత్తును ‘యూ’లలో కొలుస్తారు. ఒక యూ 44.45 మిల్లీమీటర్లు. రెండు యూల సర్వర్‌కి దక్కే ఎత్తు 88.9 మిల్లీమీటర్లే. పూర్తి సైజు గ్రాఫిక్స్ కార్డు ఎత్తేమో సుమారు 111 మిల్లీమీటర్లు. మదర్‌బోర్డు మీద నిలబెట్టి గుచ్చితే మూత పడదు. అందుకని కార్డును పడుకోబెట్టాలి. పడుకోబెట్టాక దాని కింద ఏముందో, పైన ఏముందో చూసుకోవాలి. కరెంటు ఎటునుంచి తేవాలో, అది పుట్టించే వేడిని ఏ దారిన బయటికి పంపాలో చూసుకోవాలి. పాత ర్యాక్ సర్వర్‌లో గ్రాఫిక్స్ కార్డు పెట్టడమంటే స్లాట్‌లో గుచ్చి స్క్రూ బిగించడమేనని చాలామంది అనుకుంటారు. ఆ ఇరవై రెండు మిల్లీమీటర్ల తేడా వెనక ఎంత పనితనం ఉందో దగ్గరగా చూపించాలనే ఈ వ్యాసం.

ఈ పనితనానికి ఉప్పల్, నాచారం ప్రాంతం సరైన చోటు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు మీద 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. అదే రోడ్డులో సీసీఎంబీ ఉంది. ఒకరు కంపనాల లెక్కలతో భూమి లోపలి పొరల్ని చూస్తారు, ఇంకొకరు జీవకణంలోని జన్యువుల్ని చదువుతారు. రెండూ భారీ గణన లేకుండా ముందుకు సాగని శాస్త్రాలు. నాచారం, మల్లాపూర్ దాటి ఇంకాస్త ముందుకెళ్తే 1967లో ఏ.ఎస్.రావు సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్ వస్తుంది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్‌నీ, తర్వాత టీడీసీ-312, 316లనీ తయారుచేసింది ఈ సంస్థే. అంటే కంప్యూటర్ పెట్టెను విప్పడం, బిగించడం, లోపలి వైరును వేలితో పట్టుకుని ఎక్కడికి పోతోందో చూడడం ఈ వైపు జనానికి అర్ధ శతాబ్దం దాటిన విద్య. వీటన్నిటి నడుమ ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో రేకు వంచేవాళ్లు, లేత్ మీద పనిచేసేవాళ్లు, ప్యానెల్ బోర్డులు కట్టేవాళ్లు ఉన్నారు. సర్వర్ పనికి కావలసిన చేతులన్నీ నాలుగైదు వీధుల్లోనే దొరుకుతాయి.

పెద్ద కంపెనీలు కొన్నేళ్లకోసారి సర్వర్లు మార్చేస్తాయి. దిగిపోయిన మెషిన్లు చేతులు మారుతూ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్లకు చేరతాయి. వాటిలో తరచుగా కనిపించేది 2012లో వచ్చిన డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720. రెండు జియాన్ ప్రాసెసర్లు, 24 మెమొరీ స్లాట్లు, రెండు పవర్ సప్లైలు ఉన్న గట్టి మెషిన్. నాచారంలో ఒక చిన్న షెడ్డులో నేను దగ్గరగా చూసిన పని ఈ మోడల్ మీదే. పెట్టబోయే కార్డు 2016 నాటి ఎన్‌విడియా టెస్లా పీ40. దాని మీద 24 జీబీ మెమొరీ ఉంది, అది తాగే కరెంటు 250 వాట్లు. తెలుగు దస్తావేజుల్ని చదివి సారాంశం రాసే భాషా మోడల్‌ని తమ ఆఫీసులోనే నడుపుకోవాలని, కాగితాల్లోని సమాచారం గడప దాటకూడదని ఆ మెషిన్ యజమాని కోరిక.

పాత సర్వర్‌కి ఆ కార్డు ఎందుకు కావాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. 800 కోట్ల పరామితులున్న మోడల్‌ని ఒక్కో పరామితికి ఒక బైటు చొప్పున కుదిస్తే 8 జీబీ అవుతుంది. అది ఒక్కో అక్షరముక్కను రాసే ప్రతిసారీ ఆ 8 జీబీనీ మెమొరీలోంచి చదవాల్సిందే. ఆర్720లో మొదట వచ్చిన జియాన్ ప్రాసెసర్ తన మెమొరీ నుంచి సెకనుకు గరిష్ఠంగా 51.2 జీబీ చదవగలదు. అంటే ఎంత బాగా రాసిన ప్రోగ్రాం అయినా ఒక్క ప్రాసెసర్ మీద సెకనుకు ఆరు ముక్కల దగ్గరే ఆగిపోతుంది. పీ40 తన సొంత మెమొరీని సెకనుకు సుమారు 347 జీబీ చొప్పున చదువుతుంది. పై హద్దు నలభై దాటిపోతుంది. మెషిన్ పాతదే, ప్రాసెసర్ పాతదే. ఈ ఒక్క పనికి మాత్రం మెషిన్ శక్తి, ఒక ప్రాసెసర్‌తో పోలిస్తే, ఏడు రెట్ల దగ్గరికి చేరుతుంది.

ఇక మూత తీద్దాం. పైనున్న గొళ్లాన్ని లేపితే రేకు వెనక్కి జరిగి చేతికొస్తుంది. మూత లోపలివైపు అంటించిన బొమ్మల పటం ఏ భాగం ఎక్కడుందో, ఎలా విప్పాలో చూపిస్తుంది. లోపల రంగులకూ అర్థం ఉంది. నారింజ రంగు పట్టు ఉన్న భాగాన్ని మెషిన్ నడుస్తుండగానే తీయొచ్చు. నీలం రంగు ఉన్నచోట చెయ్యి వేయాలి, కానీ కరెంటు ఆపాకే. డిజైన్ చేసిన ఇంజినీరు ఎక్కడో ఉంటాడు. ఎన్నో ఏళ్ల తర్వాత నాచారంలో స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడే మనిషిని అతడు ఎన్నడూ చూడడు. అయినా ఆ మనిషి చెయ్యి ఎక్కడ పడాలో ముందే ఆలోచించి రంగు వేసి పెట్టాడు. నాకు ఈ మెషిన్ మీద గౌరవం మొదలైంది అక్కడే.

కార్డును పడుకోబెట్టే సాధనం పేరు రైజర్. మదర్‌బోర్డు మీద నిలువుగా దిగే చిన్న బోర్డు అది. దాని పక్కల్లో అడ్డంగా స్లాట్లు ఉంటాయి. ఆర్720లో మూడు రైజర్లు. మొదటిది పొట్టి కార్డుల కోసం, మిగతా రెండూ పూర్తి సైజు కార్డుల కోసం. పదహారు లేన్ల (డేటా దారుల) స్లాట్ ఏ రైజర్‌లో ఉందో చూడాలి, ఆ స్లాట్ ఏ ప్రాసెసర్‌కి తగిలించి ఉందో కూడా చూడాలి. కొన్ని స్లాట్ల లేన్లు రెండో ప్రాసెసర్ నుంచే వస్తాయి. ఆ సాకెట్ ఖాళీగా ఉంటే కార్డు ఎంత మంచిదైనా ఆ స్లాట్‌లో ఉలుకూ పలుకూ ఉండదు. పాత మెషిన్‌ని ఒకే ప్రాసెసర్‌తో చవగ్గా కొన్నవాళ్లు ఇక్కడే తికమక పడతారు. పని తెలిసినవాళ్లు కార్డు కొనకముందే ఈ సంగతి చూస్తారు.

రైజర్ మీద ఇంకో వివరం ఉంది. స్లాట్ పక్కనే ఎనిమిది పిన్నుల పవర్ సాకెట్ ఒకటి. మామూలు నెట్‌వర్క్ కార్డుకీ, డిస్క్ కంట్రోలర్‌కీ దానితో పనిలేదు. స్లాటే 75 వాట్ల దాకా ఇస్తుంది, వాటికి అది చాలు. చాలా ఆర్720లలో ఆ సాకెట్ జీవితమంతా ఖాళీగానే ఉండిపోతుంది. అయినా దాన్ని ఉంచారు. 2012లో అమ్మిన టెస్లా కె20 కార్డు 225 వాట్లది. డిజైనర్లు అక్కడితో ఆగకుండా 300 వాట్ల కార్డుకి సరిపడా చోటు వదిలారు. నాలుగేళ్ల తర్వాత వచ్చిన పీ40 ఆ చోటులో ఇమిడిపోతోంది.

ఇప్పుడు ఈ పనిలో అతి సున్నితమైన ఘట్టం, కేబుల్. డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుకి వాడే ఎనిమిది పిన్నుల ప్లగ్ ఒకటుంది, దాన్ని పీసీఐఈ ప్లగ్ అంటారు. ప్రాసెసర్‌కి కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల ప్లగ్ ఇంకొకటి, దాన్ని ఈపీఎస్ అంటారు. పీ40 అడిగేది ఈపీఎస్. మొదటిదాంట్లో 12 వోల్టుల వైర్లు మూడు, మిగతా ఐదూ గ్రౌండ్. రెండోదాంట్లో నాలుగు, నాలుగు. వరసలు కూడా తారుమారు. ఈపీఎస్‌లో 12 వోల్టులు క్లిప్పు ఉన్న వైపు వస్తాయి, పీసీఐఈలో క్లిప్పు వైపు ఉండేది గ్రౌండ్. ప్లాస్టిక్ గళ్లలో కొన్ని చదరంగా, కొన్ని మూల కోసినట్టుగా ఉండేది ఒకదానికి ఇంకొకటి పట్టకుండా ఉండాలనే. కానీ బలంగా నొక్కితే దూరిపోయేవీ ఉన్నాయి. దూరిందంటే 12 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కి తగులుతాయి. ఇక రైజర్ వైపు సాకెట్‌లో పిన్నుల వరస మెషిన్ తయారుచేసిన కంపెనీ సొంతం. ఆర్720 వచ్చిన ఏడాదే వచ్చిన హెచ్‌పీ డీఎల్380పీ జెన్8లో ఆ చివర పది పిన్నులుంటాయి. ఒక కంపెనీ కేబుల్‌ని ఇంకో కంపెనీ మెషిన్‌కి చూపు అంచనాతో పెట్టడానికి వీల్లేదు.

షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడు కేబుల్ అందుకుని, “అన్నా, రెండు దిక్కుల ఎనిమిది పిన్నులే గదా, పెట్టెయ్యనా?” అన్నాడు. “మీటర్ పెట్టినంక పెడదాం తమ్మీ” అని పెద్ద పనివాడి జవాబు. కేబుల్ నల్లటిది, ఎనిమిది వైర్లూ ఒకటే రంగు. అతను మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక చివర మొదటి పిన్ను మీద ఒక మొన ఆనించి, రెండో చివర ఎనిమిది పిన్నులనూ వరసగా తాకించుకుంటూ పోయాడు. ఏది ఎక్కడ మోగిందో పెన్సిల్‌తో రెండు చదరాల బొమ్మ గీసి రాసుకున్నాడు. తర్వాత కేబుల్‌ని రైజర్‌కి మాత్రమే తగిలించి, కార్డు చివర ఖాళీగా ఉంచి, మెషిన్ ఆన్ చేసి వోల్టేజీ చూశాడు. క్లిప్పు వైపు నాలుగింటిలోనూ 12, ఎదురు వరసలో సున్నా. అది చూశాకే ఆపేసి, వైర్లు పీకి, కార్డు చేతిలోకి తీసుకున్నాడు. కాగితం మీది ఆ బొమ్మే ఈ పని మొత్తంలో ఖరీదైన భాగమని నాకనిపించింది.

కేబుల్ చివర లోహపు టెర్మినల్‌ని వైరుకి నొక్కి బిగించే క్రింపింగ్‌లో ఇంకో పొర నైపుణ్యం ఉంది. మంచి టెర్మినల్‌కి రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగి తీగల్ని పట్టాలి, వెనక జత పైనున్న ప్లాస్టిక్ తొడుగును పట్టాలి. తొడుగు ఎక్కువ ఒలిస్తే వెనక రెక్కలకి పట్టు దొరకదు, వైరు కదిలినప్పుడల్లా రాగి వంగి వంగి తెగుతుంది. తక్కువ ఒలిస్తే ముందు రెక్కలు ప్లాస్టిక్‌ని కొరికి, రాగికి సగమే ఆనతాయి. బయటికి రెండూ బాగానే కనిపిస్తాయి. తేడా లెక్కలో బయటపడుతుంది. 250 వాట్లు, 12 వోల్టులు అంటే 21 ఆంపియర్ల దాకా. నాలుగు వైర్లకు పంచితే ఒక్కోదానికి ఐదు పైచిలుకు. నాలుగు క్రింపులూ చెడి ఒక్కోదాంట్లో ఓమ్‌లో ఇరవయ్యో వంతు నిరోధం చేరినా చాలు, ఒక్కో పిన్నులోనే ఒకటింబావు వాటుకు పైగా వేడి పుడుతుంది. గోరంత కూడా లేని ప్లాస్టిక్ గదిలో గంటల తరబడి పుట్టే వేడి అది. ముందు రంగు మారుతుంది, తర్వాత మెత్తబడుతుంది. అందుకే పనివాడు ప్రతి వైరునీ క్రింప్ చేశాక వేలికి చుట్టుకుని గట్టిగా లాగి చూస్తాడు. ఊడితే ఇప్పుడే ఊడాలి.

సప్లై సంగతి త్వరగా తేలిపోతుంది. ఆర్720కి 495, 750, 1100 వాట్ల సప్లైలు వచ్చాయి. కార్డు పెట్టాలంటే 1100 వాట్లవే సరి. రెండిట్లో ఒకటి పోయినా రెండోది మొత్తం భారం మోయగలగాలి, రెండు సప్లైలు పెట్టిందే అందుకు.

ఆ తర్వాత గాలి. పీ40కి సొంత ఫ్యాన్ లేదు. పొడుగునా అల్యూమినియం రెక్కలుంటాయి. సర్వర్ ముందు నుంచి వచ్చే గాలి ఆ రెక్కల మధ్య దూరి వెనక జాలీలోంచి పోవాలి. ఇది లోపం కాదు, ఎంచుకున్న పద్ధతి. డెస్క్‌టాప్ కార్డు ఫ్యాన్లు గాలిని తమ చుట్టూ ఉన్న ఖాళీలోకి ఊదుతాయి. సర్వర్‌లో అలాంటి ఖాళీ ఉండదు. పైగా డెస్క్‌టాప్ కార్డుకి పవర్ సాకెట్లు సాధారణంగా పై అంచున ఉంటాయి, ఇరుకు పెట్టెలో వైరు వంచడానికి చోటుండదు. టెస్లా కార్డులో సాకెట్ తోకవైపు, ఫ్యాన్ల వరస వైపు చూస్తూ ఉంటుంది. వైరు మూతకి తగలకుండా తిన్నగా దిగుతుంది. ఎక్కడ బతకాలో తెలిసి చేసిన వస్తువు అది.

ఆర్720 నడుమ ఆరు ఫ్యాన్లు ఒకే వరసలో ఉంటాయి. వాటి వెనక నల్లటి ప్లాస్టిక్ తొడుగు గాలిని ప్రాసెసర్ల మీదికి మళ్లిస్తుంది. పొలానికి నీళ్లు కట్టేటప్పుడు ఎక్కడ గండి పడితే నీళ్లు అటే పోయినట్టు, గాలి కూడా తేలికైన దారినే వెతుక్కుంటుంది. ఇరుకు రెక్కల మధ్య దూరడం కంటే కార్డు పక్కనున్న సందులోంచి జారిపోవడం దానికి సులువు. కాబట్టి ఆ సందుల్ని మూయాలి. ఈ మెషిన్‌కి గ్రాఫిక్స్ కార్డు కిట్‌లో ఎత్తైన హీట్‌సింకులకి బదులు పొట్టివి ఇచ్చింది ఇందుకే. ప్రాసెసర్ల పైనుంచి గాలి కార్డు దాకా సాగడానికి వాటివల్ల దారి దొరుకుతుంది. ఖాళీ మెమొరీ స్లాట్లలో పెట్టే ప్లాస్టిక్ ముక్కల్నీ, వెనకవైపు ఖాళీ స్లాట్లకి బిగించే రేకుల్నీ పనికిరానివని పారేసేవాళ్లున్నారు. ప్రతి ముక్కా ఒక గండిని మూస్తోంది.

నేను చూసిన పనిలో కార్డు పైనా పక్కనా మిగిలిన సందుకి పక్క షెడ్డులో పల్చటి రేకు వంచి తెచ్చారు. అంచులు మడిచి, గరుకు పోయేదాకా ఆకురాయి పట్టి, బోర్డు తాకగల వైపు ఇన్సులేషన్ షీటు అంటించారు. బిగించాక మెషిన్ నడిపి, సన్నని కాగితం ముక్కని వెనక జాలీ దగ్గర పట్టారు. కార్డు జాలీ ముందు కాగితం నిటారుగా ఎగిరి నిలబడింది. పక్క స్లాట్ దగ్గర కదిలీ కదలనట్టుంది. గాలి కార్డులోంచే పోతోందని చెప్పడానికి అంతకన్నా పెద్ద పరికరం అక్కర్లేదు. వైర్లని కట్టిన తీరు కూడా చెప్పాలి. ఒక్క కట్టు కూడా ఫ్యాన్ల ముందు లేదు, అన్నీ గోడ వెంట పోయాయి.

ఇంత చేశాక మెషిన్ ఆన్ చేస్తే కార్డు కనపడకపోవచ్చు. ఇక్కడ పని చేతుల నుంచి లెక్కల్లోకి మారుతుంది. ప్రాసెసర్ బయటి కార్డుతో మాట్లాడాలంటే దాని మెమొరీకి తన చిరునామాల పట్టికలో చోటివ్వాలి. పాత పద్ధతిలో ఆ చోటు మొదటి 4 జీబీలోనే. 32 బిట్ల చిరునామా అంతవరకే పోతుంది. 24 జీబీ కార్డు అక్కడ ఎలా పడుతుంది? బయాస్‌లో 4 జీబీకి పైన చోటివ్వమనే ఆప్షన్ ఉంది, దాన్ని ఆన్ చేయాలి. 2012 నాటి మెషిన్‌లో ఆ ఆప్షన్ ఉండడమే ముందుచూపు. ఖాళీ పవర్ సాకెట్ లాంటిదే ఇది కూడా, రాబోయే వస్తువు కోసం వదిలిన చోటు.

ఫ్యాన్లతో ఇంకో పేచీ ఉంది. సర్వర్‌ని కనిపెట్టుకుని ఉండే ఐడ్రాక్ అనే చిన్న నియంత్రికకి ఈ కార్డు వేడి ఎంతో తెలియదు. తెలియని కార్డు కనిపిస్తే ఫ్యాన్ల వేగం పెంచేస్తుంది. ఆ హోరు భరించలేక దాన్ని ఆపేసే కమాండ్ వెతుక్కునేవాళ్లు ఎక్కువ. మంచి పనివాడు అక్కడితో వదలడు. ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ అనే సాధనం నుంచి కార్డు ఉష్ణోగ్రతని కొన్ని సెకన్లకోసారి చదివి, దాని ప్రకారం ఫ్యాన్ల వేగం పెంచి తగ్గించే చిన్న ప్రోగ్రాం రాస్తాడు. ఆ ప్రోగ్రాం ఏ కారణంగానైనా ఆగిపోతే ఫ్యాన్లు తిరిగి కంపెనీ పద్ధతికి మారేలా చూస్తాడు. ఆ చివరి జాగ్రత్తలోనే పనివాడి స్థాయి తెలుస్తుంది.

హైదరాబాద్ ఎండాకాలంలో బయట 40 డిగ్రీలు దాటుతుంది. ఇలాంటి సర్వర్లు లోపలికి పీల్చే గాలి మామూలుగా 35 డిగ్రీల లోపే ఉండాలి. పెద్ద కార్డు ఉంటే ఆ హద్దు ఇంకా దిగుతుంది. ఏసీ తప్పదు. దానితోపాటు కార్డుకే ఒక పగ్గం వేయొచ్చు. 250 వాట్ల కార్డుని 180 వాట్లకు మించొద్దని ఒక్క కమాండ్‌తో కట్టేస్తే వేడి పావు వంతు పైగా తగ్గుతుంది. పని వేగం మాత్రం ఆ లెక్కన పడిపోదు. కరెంటు బిల్లుకీ మంచిదే. 250 వాట్లతో రోజంతా నడిస్తే కార్డు ఒక్కటే ఆరు యూనిట్లు కాలుస్తుంది, 180తో నాలుగు పైచిలుకు.

పాతదనానికి హద్దులున్నాయి, అవి ముందే తెలియాలి. ఆర్720 ప్రాసెసర్లకు ఏవీఎక్స్2 ఆదేశాలు రావు, అవి కావాలనే సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ కంపైల్ చేసుకోవాల్సి ఉంటుంది. పీ40కి 16 బిట్ల లెక్కలు చాలా నెమ్మది, 8 బిట్ల లెక్కలు చకచకా వస్తాయి, అందుకే మోడల్‌ని కుదించి వాడతారు. కార్డు మీద లెక్కలు నడిపించే కుడా అనే సాఫ్ట్‌వేర్ 13వ వెర్షన్‌తో ఆ తరం కార్డులకు ఎన్‌విడియా మద్దతు ఆపేసింది కాబట్టి 12వ వెర్షన్ దగ్గరే ఉండాలి. ఈ మూడు మాటలూ యజమానికి ముందే చెప్పి, ఒప్పుకున్నాకే పని పట్టడం కూడా పనితనమే.

అప్పగించే ముందు మెషిన్‌ని రాత్రంతా పూర్తి భారంతో నడిపారు. పొద్దున ఆపి, మూత తీసి, కేబుల్ ప్లగ్‌ని వేలితో తాకి చూశారు, ప్లాస్టిక్ రంగు చూశారు. తర్వాత మూత లోపల, కంపెనీ పటం పక్కనే, ఒక కాగితం అంటించారు. కేబుల్ పిన్నుల బొమ్మ, బయాస్‌లో మార్చిన ఆప్షన్, వాట్ల హద్దు, డ్రైవర్ వెర్షన్, తేదీ. తర్వాత ఎవరు విప్పినా వాళ్లకి దారి తెలియాలి కదా.

ఈ కాగితంలో నాకు ఈ పని సారమంతా కనిపించింది. ఖాళీ సాకెట్ వదిలిన ఇంజినీరు, నీలం రంగు వేసిన డిజైనర్, పిన్నుల బొమ్మ గీసిన నాచారం పనివాడు ఒకర్నొకరు ఎరగరు. ముగ్గురూ తమ తర్వాత వచ్చే మనిషి కోసం పనిచేశారు. కనుక ఇలాంటి పనిని ఎవరికైనా అప్పగించే ముందు ధర అడగండి, దానితోపాటు మూత తీసి చూపించమని కూడా అడగండి. వైర్లు గోడ వెంట ఉన్నాయా, సందులు మూసి ఉన్నాయా, లోపల రాతపూర్వకంగా ఏమైనా ఉందా చూడండి. రామంతాపూర్ పాలిటెక్నిక్‌లోనో, తార్నాక ఇంజినీరింగ్ క్లాసుల్లోనో చదువుతున్న పిల్లలకి ఒక పాత ఆర్720, ఒక మల్టీమీటర్, ఒక క్రింపింగ్ ప్లయర్ ఇవ్వండి. కరెంటు, వేడి, గాలి, చిరునామాల లెక్క, ఈ నాలుగు పాఠాలూ ఒకే పెట్టెలో చేతికందుతాయి. కొత్త మెషిన్ కొనడానికి డబ్బుంటే చాలు. పాత మెషిన్‌కి కొత్త పని నేర్పాలంటే అది ఎలా తయారైందో తెలియాలి, తెలిసినవాళ్లు మన ఉప్పల్, నాచారం షెడ్లలో ఉన్నారు.